మెట్టెలు తీయని ముత్తవ్వ

నల్లగొండ జిల్లా చండూరు వైపు ఒక ఊరి నుంచి నలభై ఒక్క ఏళ్ల ప్రభుత్వ టీచర్ రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలుంది. పేర్లు బయటపెట్టవద్దన్నారు కాబట్టి అవి తీసేసి విషయం మాత్రం చెబుతాను.

వాళ్లది పద్మశాలి కుటుంబం, మగ్గం నేసిన ఇల్లు. ముత్తాత పని వెతుక్కుంటూ షోలాపూర్ వెళ్లాడు, తిరిగి రాలేదు. అప్పటికి తాతకు రెండేళ్లు, తాత చెల్లెలు ఇంకా తల్లి కడుపులో ఉంది. ఆయన ఏమయ్యాడన్నదానికి ఇంట్లో మూడు కథలున్నాయి. పెద్దబాపు చెప్పేది ఒకటి: గాంధీని అరెస్టు చేసినప్పుడు షోలాపూర్‌లో జరిగిన కాల్పుల్లో చనిపోయాడు. మేనత్తలు వంటింట్లో గొంతు తగ్గించి చెప్పుకునేది ఇంకొకటి: అక్కడ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, "ఆమె మనోళ్లు కాదంట". ఊరి వాళ్లది మూడోది: బొంబాయి పోయి ఓడెక్కి ఆఫ్రికా చెరుకు తోటలకు పోయిండు. ముత్తవ్వ మాత్రం ఏ కథా చెప్పలేదు. 1979లో చనిపోయేదాకా బొట్టు, పుస్తె, మెట్టెలు తీయలేదు.

కొన్ని నెలల క్రితం ఈ టీచర్ ఒక పెళ్లికి షోలాపూర్ వెళ్లారు. అక్కడ అరవై మూడేళ్ల పెద్దమనిషి ఒకాయన పలకరించాడు. అదే ఇంటిపేరు, అదే గోత్రం. "మా తాత మీ ఊరాయనే" అని, తాత పేరు చెప్పాడు. అది ముత్తాత పేరే. గోడకున్న పాత ఫొటో చూపించాడు. నల్ల టోపీ, కోటు వేసుకున్న మనిషి, పక్కన కుర్చీలో ఒక ఆడమనిషి. టీచర్ దాన్ని ఫోన్‌లో తీసుకొచ్చి ఇంట్లో చూపించారు. ఎనభై ఎనిమిదేళ్ల నాయనమ్మ ఒకసారి చూసి "లోపల పెట్టు బిడ్డా" అంది, అంతే. డెబ్బై ఏళ్ల పెద్దబాపు మాత్రం మండిపడ్డాడు. రోడ్డు పక్కన రెండెకరాల పన్నెండు గుంటలు ఉంది, ధర పెరిగింది, వాళ్లు వాటాకు వస్తారన్నది ఆయన భయం. అమెరికాలో ఉన్న చెల్లెలు డీఎన్ఏ కిట్ పంపిస్తానంటోంది. షోలాపూర్ ఆయన వారం వారం ఫోన్ చేసి, "ఊరు చూడాలె, పోచమ్మకు బోనం చెయ్యాలె" అంటున్నాడు. టీచర్ గారి బాపు లేరు. అటూ ఇటూ మధ్యలో ఆయనకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. "తవ్వాలా, వదిలేయాలా? తవ్వితే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

సమాధానం:

టీచర్ గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే ఒకటి అర్థమైంది. మీరు నలుగురూ ఒకే విషయం గురించి కొట్లాడుకుంటున్నట్టు కనిపిస్తున్నా, ఒక్కొక్కరి ప్రశ్న వేరు. మీకు ముత్తాత ఏమయ్యాడో కావాలి. మీ పెద్దబాపుకు భూమి ఏమవుతుందో కావాలి. మీ చెల్లెలికి శాస్త్రీయమైన రుజువు కావాలి. షోలాపూర్ ఆయనకు ఒక ఊరు కావాలి. వీటన్నిటికీ ఒకేసారి జవాబు వెతకబోతే ఏదీ తేలదు.

ముందు మీ మూడు కథలు చూద్దాం. పాత ఇళ్ల కథలను పరీక్షించడానికి అన్నిటికంటే చవకైన పనిముట్టు క్యాలెండర్.

షోలాపూర్ కాల్పులు నిజంగా జరిగినవే. 1930 మే మొదట్లో గాంధీజీని అరెస్టు చేశాక అక్కడ జనం రోడ్ల మీదికి వచ్చారు. మే 8న పోలీసులు కాల్చారు, 12న మార్షల్ లా పెట్టారు. ఆ కేసులో మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ్ షిండే అనే నలుగురిని 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరితీశారు. కానీ చేనేత సంఘం సభ్యత్వ పుస్తకం ప్రకారం మీ తాత పుట్టింది 1933 అని మీరే రాశారు. ఆ రోజుల్లో వయసు ఉజ్జాయింపుగా రాసేవాళ్లు, నిజమే, రెండు మూడేళ్లు అటూ ఇటూ కావచ్చు. అలా జరిపినా, మీ నాయనమ్మ పెళ్లి పోలీస్ యాక్షన్ అయిన నాలుగేళ్లకు, అంటే 1952లో. అప్పటికి మీ తాతకు మీసాలు సరిగ్గా రాలేదని ఆమె నవ్వుతూ చెబుతుందట. ఆయన 1927లో పుట్టి ఉంటే పెళ్లినాటికి పాతికేళ్లు, మీసాల మాటే వచ్చేది కాదు. పైగా ఆయన తర్వాత చెల్లెలు కూడా ఉంది. 1930లో చనిపోయిన మనిషికి ఆ తర్వాత పిల్లలు పుట్టరు కదా.

ఇక ఆఫ్రికా ఓడ. నాటాల్ చెరుకు తోటలకు మన వాళ్లను ఒప్పందం మీద ఓడల్లో తీసుకెళ్లింది 1860 నుంచి 1911 వరకు. ఆ ఓడలు బయల్దేరింది మద్రాసు, కలకత్తా రేవుల నుంచి, బొంబాయి నుంచి కాదు. ఫిజీకి చివరి ఓడ 1916లో వెళ్లింది. మీ ముత్తాత ఇల్లు వదిలింది 1935 ప్రాంతంలో అయితే అప్పటికి ఆ బండి ఎప్పుడో ఆగిపోయింది. ఒకవేళ మీ లెక్కలన్నీ తప్పయి ఆయన నిజంగా ఆ ఓడే ఎక్కి ఉంటే, పట్టుకోవడం ఇంకా సులువయ్యేది. అలా వెళ్లిన ఒక్కొక్కరికీ తండ్రి పేరు, కులం, వయసు, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా రాసిన కాగితం ఉండేది. షోలాపూర్ వెళ్లిన నేతగాడికి అలాంటి కాగితం ఎవరూ ఇవ్వలేదు. హైదరాబాద్‌దాకా నడిచి, అక్కడ వాడి జంక్షన్ మీదుగా పోయే రైలెక్కితే చాలు. పాస్‌పోర్టూ లేదు, ఓడ జాబితా లేదు. దూరదేశం పోయినవాడి ఆనవాలు దొరుకుతుంది, పక్క రాష్ట్రం పోయినవాడిదే దొరకదు. ఇలా వెతికేవాళ్లందరూ ముందు విసిగిపోయేది ఇక్కడే.

మిగిలింది మీ మేనత్తల కథ. అది నిజమని నేను ఇంకా అనడం లేదు. కానీ మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేసిన విషయం దగ్గర నేను ఆగిపోయాను. ముత్తవ్వ మెట్టెలు తీయలేదన్నారు. తుపాకీ గుండుకు భర్త పోయాడని ఆ ఇల్లు నిజంగా నమ్మి ఉంటే ఏం జరిగేది? పదో రోజు కర్మ జరిగేది. గాజులు, బొట్టు, మెట్టెలు తీయించేవాళ్లు. ఆమె వద్దన్నా ఆ కాలంలో ఊరు ఊరుకునేది కాదు. నలభై ఏళ్లకు పైగా ఆమె పేరంటాలకు పోయిందంటే, ఊరు ఆమెను ముత్తయిదువగా పిలిచిందంటే, ఆయన ఎక్కడో బతికి ఉన్నాడని ఆమెకే కాదు, పిలిచిన వాళ్లకూ తెలిసి ఉండాలి. లేదా కనీసం చనిపోయాడన్న కబురు రాలేదు. మీ ఇంట్లో ఉన్న అన్ని కాగితాల కంటే పాత సాక్ష్యం అది.

మరి పెద్దబాపు కథ ఎక్కడి నుంచి వచ్చింది? ఇది నా ఊహ మాత్రమే. 1972లో స్వాతంత్ర్య సమరయోధులకు కేంద్రం పింఛను మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలా ఊళ్లలో ఇంటి పెద్దల కథలు కొత్త బట్టలు తొడుక్కున్నాయి. పింఛను కోసమే అని కాదు. బడిలో "మీ తాత ఏడి?" అని అడిగితే ఒక పిల్లవాడు చెప్పుకోవడానికి ఒక మాట కావాలి కదా. వదిలేసి పోయాడు అనడం కంటే గుండు తగిలి పోయాడు అనడం నయం. మీ పెద్దబాపును దీని మీద నిలదీయకండి. మా ఇంట్లో మేము మా తాత తండ్రి గద్వాల సంస్థానంలో దివాను అని చెప్పుకుంటూ పెరిగాం. చివరికి తేలిందేమిటంటే ఆయన దివాను గారి గుర్రాలకు గడ్డి వేసేవాడు. ఈ సంగతి బయటపడ్డ రోజు మా చిన్నాన్న అన్నం మానేశాడు. ఇప్పుడు నవ్వుతాం గానీ ఆ రోజు ఎవరమూ నవ్వలేదు.

షోలాపూర్ ఆయన సంగతికి వద్దాం. ఇంటిపేరు, గోత్రం, తాత పేరు మూడూ కలిశాయి కాబట్టి తేలిపోయినట్టే అని మీరు రాశారు. అంత తొందర వద్దు. పద్మశాలీలకు నూటొక్క గోత్రాలని మీరే చెబుతారు. లక్షల మంది ఆ నూటొక్కింటిలోనే సర్దుకోవాలి. ఇంటిపేర్లూ అంతే. ఇక పేరంటారా, తాత పేరు మనవడికి పెట్టుకునే మన ఇళ్లలో ఒకే ఊరిలో ఒకే పేరున్న వాళ్లు నలుగురు దొరుకుతారు. పైగా నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి షోలాపూర్ పోయిన సాలెల ఇళ్లు ఒకటీ రెండూ కాదు, పేటలకు పేటలే నిండాయి. మీ ఊరి నుంచి అదే పేరుతో ఇంకొకరు పోయి ఉండకూడదని ఏముంది?

కాబట్టి ఆయనతో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. మీరు చెప్పకండి, ఆయన్ని చెప్పనివ్వండి. మీకు తెలిసినవి ముందే ఒప్పచెబితే వారం తర్వాత అవే మాటలు "మా తాత చెప్పిండు" అని తిరిగి వస్తాయి. ఆయన అబద్ధం ఆడతాడని కాదు, జ్ఞాపకం అలాగే పనిచేస్తుంది. తాత తన తల్లి పేరు ఏమని చెప్పేవాడు, ఇంటికి దగ్గర ఏ బావి, ఊరి పటేల్ ఎవరు, ఒంటి మీద ఏ గుర్తు ఉండేది, షోలాపూర్‌కు ఎవరితో కలిసి వచ్చాడు అని అడిగి ఒక నోటుబుక్కులో రాసుకోండి. మీ నాయనమ్మ చెప్పేది ఇంకో పుస్తకంలో రాయండి. రెండూ పూర్తయ్యేదాకా పక్కపక్కన పెట్టి చూడకండి. ఆయనకు ఊరి పేరు ఒక్కటే తెలిసి తాత తల్లి పేరు తెలియకపోతే అదీ ఒక జవాబే.

వాళ్ల దగ్గర కాగితాలు ఉంటాయా అని మీకు అనుమానం. నాకు లేదు. మహారాష్ట్రలో పిల్లలను రిజర్వేషన్ మీద చదివించుకున్న ప్రతి ఇంట్లో 'కులం వ్యాలిడిటీ' ఫైలు ఒకటి ఉంటుంది. అక్కడ ఒక్క సర్టిఫికెట్‌తో సరిపోదు. వెనుకబడిన తరగతుల వాళ్లను 1967కు ముందటి కాగితాలు అడుగుతారు. తండ్రిది, తాతది బడి దాఖలా, మున్సిపాలిటీ పుట్టిన చావుల నకలు అన్నీ తవ్వి పెట్టుకోవాల్సిందే. ఆయన పిల్లలు చదువుకుని ఉంటే ఆ ఫైలు బీరువాలో ఉంటుంది. అందులో వాళ్ల తాత పేరు, వీలైతే పుట్టిన ఊరు కూడా దొరకవచ్చు. పాత కాగితాలు మరాఠీలో, కొన్ని మోడీ అనే పాత మరాఠీ చేతిరాత లిపిలో ఉంటాయి. చదివేవాళ్లు అక్కడే దొరుకుతారు.

మీ వైపు కూనపులి వాళ్లను మర్చిపోకండి. పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పే వాళ్లకు మీ ఇళ్ల గోత్రాలు, ఇంటిపేర్లు నోటికే ఉంటాయి. ఊళ్లు మిరాశిగా, అంటే వంశపారంపర్య హక్కుగా పంచుకుని తిరిగేవాళ్లు కాబట్టి ఏ ఇంటి నుంచి ఎవరు వలస పోయారో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. మీ ఊరి మిరాశి ఎవరిదో కులపెద్దలను అడిగితే చెబుతారు. వాళ్లు చెప్పిందంతా కాగితం మీద రాసినంత గట్టిదని అనను. త్యాగం, అంటే కథ చెప్పినందుకు కట్నం ఇచ్చిన ఇంటిని కాస్త పైకెత్తి పాడటం వాళ్ల వృత్తిలోనే ఉంది. దారి చూపడానికి మాత్రం పనికొస్తారు.

డీఎన్ఏ గురించి మీ చెల్లెలికి ఇలా చెప్పండి. కథ నిజమైతే మీ పెద్దబాపు, షోలాపూర్ ఆయన ఒకే తాతకు ఇద్దరు భార్యల వైపు మనవళ్లు. అలాంటి వాళ్ల మధ్య సగటున ఆరు శాతం జన్యువులు కలుస్తాయి. మీ తరానికి వచ్చేసరికి అది మూడు శాతానికి పడుతుంది. ఈ లెక్క బయటి సంబంధాలు చేసుకునే జనాలకు సరిపోతుంది. మనం తరతరాలుగా మేనరికాలు చేసుకున్నవాళ్లం. అక్క కూతురినీ, మేనమామ కొడుకునూ వదల్లేదు. చండూరులో ఏ ఇద్దరు సాలెవాళ్లను పట్టుకుని పరీక్ష చేసినా ఎంతో కొంత కలుస్తుంది. తండ్రి నుంచి కొడుక్కు మాత్రమే దిగే వై క్రోమోజోమ్ పరీక్ష కొంత నయం. అదీ ఒకవైపే గట్టిగా మాట్లాడుతుంది. కలవకపోతే మగవరసలో సంబంధం లేదని చెప్పవచ్చు. కలిస్తే మాత్రం ఆ ముత్తాత దగ్గరే కలిసిందా, పది తరాల వెనక కలిసిందా అన్నది అలాగే ఉండిపోతుంది. కలవకపోయినా అందుకు కారణం షోలాపూర్ వైపే ఉందని ఎవరు చెప్పగలరు? మీ ఇంటి వైపు ఏ తరంలో ఏం దాగి ఉందో ఆ గొట్టంలో ఉమ్మేదాకా మీకూ తెలియదు. డెబ్బై ఏళ్ల మనిషిని ఒప్పించి ఉమ్మి తీసుకుని, ఇలాంటి ఫలితం ఆయన చేతిలో పెట్టే ఉద్దేశం ఉంటే తప్ప కిట్ తెప్పించకండి. కాగితాలు, మాటలు అయ్యాక చివరి అనుమానం తీరకపోతే అప్పుడు ఆలోచించండి.

ఇక భూమి. మీ పెద్దబాపు భయాన్ని మీరు "దురాశ" అని రాశారు. నాకు అలా అనిపించలేదు. భూ రికార్డులకు ధరణి వచ్చినప్పుడు ఒకసారి, ఇప్పుడు భూభారతి అని ఒకసారి, పాస్‌బుక్కులో పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికే తెలంగాణలో రైతులు ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగారో మీకు తెలుసు. ఆయన భయానికి జవాబు ఆ ఫొటోలో లేదు, 1954-55 ఖాస్రా పహాణీలో, అంటే సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరు రాసిన రికార్డులో ఉంది. తహసీల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి ఆ సర్వే నంబరుకు నకలు తీయండి, సేత్వార్ (సర్వే నాటి పాత భూమి రిజిస్టరు) దొరికితే అదీ తీయండి. చాలాచోట్ల అవి ఉర్దూలో ఉంటాయి, చదవగలిగిన పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి. ఏడాది ఫసలీలో, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్కలో ఉంటే 590 కలుపుకోండి. అంతకు ముందు నిజాం కాలం కాగితాలు కావాలంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి గానీ, మీ పనికి అంత దూరం అక్కర్లేదనుకుంటాను.

ఆ పహాణీలో పట్టాదారుగా ముత్తవ్వ పేరో, తర్వాతి కాగితాల్లో తాత కొన్నట్టో ఉంటే అది వాళ్ల సొంతమనే చెప్పుకోవచ్చు, షోలాపూర్‌కు దానితో పని ఉండకపోవచ్చు. మీ పెద్దబాపు ఆ రాత్రి హాయిగా పడుకుంటారు. ముత్తాత పేరే ఉంటే మాత్రం విషయం వేరు. ఆ కాలంలో హిందువు రెండో పెళ్లి చేసుకోవడం నేరం కాదు. బొంబాయి ప్రావిన్సు దాన్ని 1946లో ఆపింది, దేశమంతటికీ 1955 హిందూ వివాహ చట్టంతో ఆగింది. అంతకు ముందే శాస్త్ర ప్రకారం పెళ్లి జరిగి ఉంటే ఆమె భార్యే, ఆమె పిల్లలు వారసులే. పన్నెండేళ్లు అనుభవించాం కాబట్టి మాదే అన్న మాట బయటివాళ్ల మీద పనిచేసినంత సులువుగా ఉమ్మడి వారసుల మీద పనిచేయదు. అలాగని ఎనభై తొంభై ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి అడగ్గానే వాటా పుట్టుకొచ్చేదీ కాదు. ఆ నకలు పట్టుకుని నల్లగొండలో సివిల్ కేసులు చూసే లాయర్ దగ్గర ఒక గంట కూర్చోండి. అది తేలేదాకా షోలాపూర్ వాళ్లకు "మీరు మా వాళ్లే" అని వాట్సాప్‌లో కూడా రాసి పంపకండి. మాట ఇచ్చి తర్వాత వెనక్కి తీసుకోవడం వాళ్లకూ అవమానమే.

ఇదే చోట ఇంకో మాట. "ఆమె మనోళ్లు కాదంట" అన్నది మీ ఉత్తరంలో సగం వాక్యమే, కానీ మీ మేనత్తలకు అసలు నొప్పి అక్కడే ఉన్నట్టుంది. ఆ ఫొటోలో కుర్చీలో కూర్చున్నామె షోలాపూర్ ఆయనకు నాయనమ్మ. మీ ఇంట్లో ఆమెను ఏమని అంటారో అది ఆయన చెవిన పడకుండా చూసే బాధ్యత మీదే.

మీ నాయనమ్మ విషయం చివరికి ఉంచాను గానీ, మీరు మొదలుపెట్టాల్సింది అక్కడే. "లోపల పెట్టు బిడ్డా" అన్న మాటను మీరు వద్దనడంగా తీసుకున్నారు. నాకు అలా వినిపించలేదు. తెలియని మనిషి ఫొటో చూస్తే ఎవరైనా "ఎవరిది?" అని అడుగుతారు. ఆమె అడగలేదు. అత్తతో పాతికేళ్లకు పైగా ఒకే పొయ్యి దగ్గర బతికిన కోడలు ఆమె. ఉత్తరం వచ్చిందా, మనిషి ఎవరైనా వచ్చి చెప్పారా, డబ్బు ఏమైనా వచ్చిందా, ఒకసారి ఆయనే వచ్చి గుమ్మం దగ్గర నుంచి వెనక్కి పోయాడా, ఇవన్నీ చెప్పగలిగింది ఇక ఆమె ఒక్కతే. దాచమని అత్త ఒట్టు పెట్టించుకుని ఉంటే అది కూడా మీరు గౌరవించాలి.

అందుకని అందరి ముందు అడగకండి. పెద్దబాపు ఇంట్లో లేని మధ్యాహ్నం చూసుకుని పక్కన కూర్చోండి. ఫోన్ బయటకు తీయకండి. ముత్తాత గురించి అసలు అడగకండి, ముత్తవ్వ గురించి అడగండి. ఆమె ఏం వండేది, కండెలు చుట్టేటప్పుడు ఏం మాట్లాడేది, పండగకు కొత్త మెట్టెలు ఎవరు తెచ్చేవారు? ఈ చివరి ప్రశ్న మామూలుగా అడగండి. అరిగిన మెట్టెలకు బదులు కొత్తవి చేయించుకోవాలంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరు అవుననాలి. ఆమె చెబితే వినండి. చెప్పకపోతే ఆ రోజుకు లేచి రండి. ఆమెకు ఎనభై ఎనిమిది కాబట్టి తొందర ఉన్నమాట నిజమే, అయినా ఒకే రోజు రెండుసార్లు అడిగేంత తొందర మాత్రం కాదు.

షోలాపూర్ వాళ్ల బోనం మాటకు ఏం చెప్పాలి? మూడు దారులు కనిపిస్తున్నాయి. ఫోన్ ఎత్తడం మానేయవచ్చు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, కానీ ఆయనకు ఊరి పేరు తెలుసు, ఒక రోజు బస్సు దిగుతాడు, అప్పుడు ఆయన్ని ఎదుర్కొనేది మీరు కాదు, పెద్దబాపు. రమ్మని మీ ఇంటికే పిలవవచ్చు. నాయనమ్మతో మాట్లాడకముందు, పహాణీ చూడకముందు పిలిస్తే బోనం కాస్తా పంచాయితీ అవుతుంది. మూడోది నాకు నచ్చినది. ఊరికి రమ్మనండి, పోచమ్మ దగ్గరికి రమ్మనండి, ఇంటికి అని అనకండి. పోచమ్మ ఊరిది, బోనం ఎత్తుకొచ్చిన వాళ్లను వంశం అడగదు. మీరు గుడి దగ్గర కలిసి నీళ్లిచ్చి అన్నం పెట్టిస్తే అది బంధుత్వానికి సంతకం కాదు. పెద్దబాపుకు ముందే చెప్పి చేయండి, చాటుగా వద్దు. ఆయన రానంటే రాకపోనివ్వండి. కథ నిజమని తేలితే వరసకు ఆ వచ్చినాయన మీకు చిన్నాయిన. తేలకపోతే షోలాపూర్‌లో మీకు తెలిసిన ఒక పెద్దమనిషి.

ఇవన్నీ మొదలయ్యేలోపు ఈ ఆదివారమే చేయగలిగిన పని ఒకటుంది. ఆ ఫొటోను మీరు ముందు వైపు మాత్రమే తీసుకున్నారు. అప్పట్లో స్టూడియో వాళ్లు అట్ట వెనక తమ ముద్ర, ఊరి పేరు వేసేవాళ్లు, ఇంట్లోవాళ్లు పెన్సిలుతో తేదీ రాసేవాళ్లు. ఫ్రేము వెనక మేకులు జాగ్రత్తగా తీసి, అట్ట వెనక వైపు ఫొటో పంపమని ఆయన్ని అడగండి.